ఆవలి తీరాన కొలువు

ఉద్దేశం

చదువు ముగించి పరదేశంలో ఉద్యోగం చేయాలని కోరుకునే యువతీయువకులు నేడు తెలుగునాట ప్రతి ఊరిలోనూ కనిపిస్తారు. ఆ కోరిక నెరవేరడానికి ప్రతిభ ఒక్కటే చాలదు. ఆ ప్రతిభను పరదేశం గుర్తించాలి. అక్కడ పనిచేయడానికి చట్టబద్ధమైన అనుమతి లభించాలి. ఈ రెండింటి స్వరూపాన్ని, వాటిని పొందే మార్గాన్ని, ఆ మార్గంలో పొంచి ఉన్న అపాయాలను విద్యార్థులకు తెలియజేయడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ముద్ర – అభయం

సరిహద్దు దాటేవాని చేతిలో ఒక పత్రం ఉండాలన్న నియమం ఆధునికులు కల్పించినది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో 'ముద్రాధ్యక్షుడు' అనే అధికారి కనిపిస్తాడు. ఒక మాషకం రుసుముగా స్వీకరించి, రాకపోకలకు ముద్ర వేసిన పత్రం ఇవ్వడం అతని విధి. ముద్ర గలవాడే జనపదంలోకి ప్రవేశించాలి, జనపదం నుండి వెలుపలికి వెళ్లాలి. ముద్ర లేకుండా పట్టుబడిన స్వదేశీయునికి పన్నెండు పణాల జరిమానా. కూటముద్రతో, అంటే దొంగముద్రతో, పట్టుబడితే అంతకు మించిన దండన. ఆ పట్టుబడినవాడు పరదేశీయుడైతే అన్నింటికంటె కఠినమైన దండన. పత్రం లేకపోవడం కంటె దొంగపత్రం ఉండడమే పెద్ద నేరమనీ, పరాయి నేల మీద ఆ నేరానికి చెల్లించవలసిన మూల్యం మరింత అధికమనీ ఆనాటి శాస్త్రం చెప్పింది. నేటి వలస చట్టాల సారాంశం కూడా దాదాపు ఇదే.

వచ్చినవాని పట్ల ఏలికకు గల బాధ్యతను చాటే శాసనం మన తీరంలోనే ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. గాలివానకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా స్వాధీనం చేసుకునేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పించి, నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోనని సముద్ర వర్తకులకు అభయమిచ్చాడు. శ్రీనాథుని హరవిలాసాన్ని అంకితం పొందిన అవచి తిప్పయ్యసెట్టి వంటివారు ద్వీపాంతరాలతో వాణిజ్యం నెరపగలగడానికి ఇటువంటి ఏర్పాట్లే ఆలంబనమయ్యాయి. ముద్ర వలసవెళ్లేవాని బాధ్యత. అభయం ఆదరించే దేశపు బాధ్యత. ఈ రెండూ కలిసినదే నేటి పని అనుమతి పత్రం.

వేలిముద్ర వేసిన తరం

పందొమ్మిదవ శతాబ్దంలో తెలుగువారి వలస మరొక రూపం ధరించింది. కోరంగి, విశాఖపట్టణం, మద్రాసు రేవుల నుండి వేలాదిమంది కూలీలు మారిషస్‌కు, బర్మాకు, మలయాకు, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు తరలివెళ్లారు. 1860 నవంబరు 16న డర్బన్ తీరం చేరిన 'ట్రూరో' ఓడ మద్రాసు నుండి బయలుదేరినదే. కోరంగి పేరుమీదనే బర్మాలో తెలుగువారిని 'కోరంగీలు' అని వ్యవహరించారు.

వీరిలో చెరకు తోటలకు వెళ్లినవారు సాధారణంగా అయిదేండ్ల ఒప్పందం మీద వెళ్లారు. ఆ ఒప్పందపత్రాన్ని చదవగలిగినవారు బహుస్వల్పం. చదవలేని కాగితం మీద వేలిముద్ర వేసి, చూడని దేశానికి ఓడ ఎక్కారు. కూలి ఎంత, పని ఎన్ని గంటలు, తిరిగి రావడానికి దారి ఏది అన్న ప్రశ్నలకు సమాధానాలు వారికి అవతలి ఒడ్డు చేరిన తరువాతనే తెలిశాయి. భారతదేశంలో తీవ్రమైన నిరసన చెలరేగగా 1917లో ఈ ఒప్పంద కూలీల రవాణా నిలిచిపోయింది.

స్వాతంత్ర్యానంతరం వైద్యులు బ్రిటన్‌కు, 1965 నాటి వలస చట్టం తరువాత వైద్యులు, ఇంజనీర్లు అమెరికాకు వెళ్లారు. 1970 దశకంలో చమురు సంపద పెరిగిన గల్ఫ్ దేశాలకు కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుండి శ్రామికులు తరలారు. 1990 దశకంలో సాఫ్ట్‌వేర్ రంగం తెలుగు యువతను మళ్లీ అమెరికా వైపు నడిపించింది. నాటి కూలీకి, నేటి ఇంజనీరుకు విద్యలో ఎంతో అంతరం ఉన్నది. కాని చదవకుండా సంతకం చేసే అలవాటు మాత్రం పూర్తిగా పోలేదు.

మూడు పత్రాలు – మూడు ప్రయోజనాలు

పరదేశయానానికి సంబంధించిన మూడు పత్రాలను చాలామంది ఒకటిగా భ్రమిస్తారు. పాస్‌పోర్టు మనవాడని మన ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ. వీసా తమ దేశంలోకి రావచ్చునని పరదేశం ఇచ్చే ప్రవేశానుమతి. పని అనుమతి ఆ దేశంలో ఫలానా ఉద్యోగం చేయవచ్చునని, ఫలానా కాలం వరకు చేయవచ్చునని ఇచ్చే అధికారం. ప్రవేశానుమతి ఉన్నంత మాత్రాన పని అనుమతి ఉన్నట్లు కాదు. సందర్శక వీసా మీద వెళ్లి పనిలో చేరినవాడు, ఆ పని ఎంత నిజాయితీగా చేసినా, చట్టం దృష్టిలో అపరాధి. జీతం ఎగవేసిన యజమానిపై ఫిర్యాదు చేయడానికి కూడా అతడు జంకుతాడు. ఆ జంకునే పెట్టుబడిగా చేసుకొని బతికే యజమానులూ ఉన్నారు.

పని అనుమతి సాధారణంగా ఒక యజమానితో, ఒక ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. అమెరికా ఇచ్చే హెచ్-1బి వీసా ఇందుకు ఉదాహరణ. 1990 నాటి చట్టంతో రూపొందిన ఈ వీసాకు దరఖాస్తు చేయవలసింది ఉద్యోగి కాదు, యజమాని. దీనికి ఏటా 65,000, అమెరికాలో స్నాతకోత్తర పట్టా పొందినవారికి మరొక 20,000 అన్నది చట్టం విధించిన పరిమితి. మొదట మూడేండ్లు, పొడిగింపుతో సాధారణంగా ఆరేండ్లు చెల్లుతుంది. శాశ్వత నివాసానికి ఇచ్చే ఉద్యోగ వీసాలలో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ ఏడు శాతానికి మించి ఇవ్వరాదన్న నియమం వలన భారతీయులు దీర్ఘకాలం నిరీక్షించవలసి వస్తున్నది. 2025 సెప్టెంబరులో వెలువడిన అధ్యక్ష ప్రకటన విదేశం నుండి కొత్తగా రప్పించుకునే ఉద్యోగి విషయంలో యజమానిపై లక్ష డాలర్ల చెల్లింపును విధించింది. ఒకే దేశాన్ని, ఒకే వీసాను నమ్ముకొని జీవితాన్ని రూపొందించుకోవడం ఎంత అనిశ్చితమో దీనివలన బోధపడుతుంది.

స్వదేశం విధించిన నియమాలు

పరదేశంలో అడుగుపెట్టడానికి ముందు స్వదేశ చట్టాన్ని తెలుసుకోవాలి. 1922 నాటి చట్టం స్థానంలో భారత ప్రభుత్వం 1983లో వలసల చట్టం తెచ్చింది. దీని ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను కుదిర్చే ప్రతి ఏజెంటూ ప్రభుత్వం వద్ద నమోదై ఉండాలి. నమోదైన ఏజెంటు తన సేవకు అభ్యర్థి నుండి ముప్పై వేల రూపాయలకు, దానిపై విధించే పన్నుకు మించి వసూలు చేయరాదు. తీసుకున్న సొమ్ముకు రసీదు ఇవ్వాలి. లక్షల రూపాయలు, అదీ రసీదు లేకుండా, అడిగినవాడు తన వృత్తి ధర్మాన్ని అప్పుడే అతిక్రమించాడని గ్రహించాలి.

పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫ్ దేశాలు, మలేషియా మొదలైన 18 దేశాలకు ఉద్యోగార్థం వెళ్లేటప్పుడు వలసదారుల సంరక్షణాధికారి నుండి అనుమతి పొందాలి. హైదరాబాదులో ఈ అధికారి కార్యాలయం ఉంది. ఉద్యోగ ఒప్పందాన్ని, జీతాన్ని, బీమాను పరిశీలించిన మీదట ఆ అనుమతి లభిస్తుంది. 'ప్రవాసీ భారతీయ బీమా యోజన' కింద ప్రమాదవశాత్తు మరణం గాని, శాశ్వత వైకల్యం గాని సంభవిస్తే పది లక్షల రూపాయల రక్షణ ఉంటుంది. రెండేళ్లకు దీని రుసుము 275 రూపాయలు మాత్రమే.

ఇంటర్మీడియట్ చదివే మీకు, నర్సింగ్ వంటి కొన్ని వృత్తులను మినహాయిస్తే, ఈ అనుమతి అవసరం ఉండదు. ఇది సౌకర్యంగా తోచవచ్చు. కాని ఒప్పందాన్ని పరిశీలించే అధికారి మధ్యలో లేడు కనుక ఆ పరిశీలన మీరే చేసుకోవాలి. చదువుకున్నవానికి చట్టం ఇచ్చిన స్వేచ్ఛలో ఈ భారం కూడా ఇమిడి ఉన్నది.

ఒక దేశం – ఒక మార్గం

నైపుణ్యం గలవారు ఒక దేశంలో చట్టబద్ధంగా కొలువు పొందే క్రమాన్ని జర్మనీ ఉదాహరణగా పరిశీలిద్దాం. అక్కడ వృద్ధుల సంఖ్య పెరిగి, పనిచేసే వయసువారు తగ్గుతున్నారు. ఆస్పత్రులకు నర్సులు, కర్మాగారాలకు సాంకేతిక నిపుణులు, సంస్థలకు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు కావలసి వచ్చారు. అందువలన 2020లో ఆ దేశం నిపుణుల వలస చట్టాన్ని అమలులోకి తెచ్చి, 2023లో దానిని మరింత సరళం చేసింది. 2022 డిసెంబరులో భారత, జర్మనీ దేశాలు వలసల ఒప్పందంపై సంతకాలు చేశాయి. భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20,000 నుండి 90,000కు పెంచుతామని 2024 అక్టోబరులో జర్మనీ ప్రకటించింది.

ఈ మార్గంలో మొదటి మెట్టు గుర్తింపు. వృత్తులను ఆ దేశం రెండు తెగలుగా విభజించింది. వైద్యులు, నర్సులు, ఉపాధ్యాయులు వంటివారివి నియంత్రిత వృత్తులు; ప్రభుత్వ అనుజ్ఞ లేనిదే వాటిని చేపట్టరాదు. సాఫ్ట్‌వేర్ వంటివి అనియంత్రిత వృత్తులు. వీటికి అనుజ్ఞ అక్కరలేకున్నా వీసా పొందడానికి సాధారణంగా పట్టాకు తుల్యత ఉండాలి. మనం చదివిన విశ్వవిద్యాలయం, పొందిన పట్టా జర్మనీ పట్టాలతో సమానమైనవా అన్నది 'అనాబిన్' అనే ప్రభుత్వ సమాచార నిధిలో చూడవచ్చు. గుర్తింపు లేని కళాశాలలో చేరినవాని కష్టం ఇక్కడ బయటపడుతుంది. విదేశీ ఉద్యోగానికి తొలి పునాది కళాశాలను ఎన్నుకొనే నాడే పడుతుందన్నమాట.

గుంటూరులోనో వరంగల్లులోనో నర్సింగ్ పట్టా పొందిన ఒక యువతిని ఊహించుకుందాం. ఆమె ఏ రాష్ట్రంలో పనిచేయదలచిందో, జర్మనీలోని ఆ రాష్ట్రపు అధికార సంస్థకు తన పట్టాను, పాఠ్యాంశాల వివరాలను, అనువాదాలతో సహా సమర్పించాలి. వారు ఆమె చదువును తమ చదువుతో పోల్చి, ఏయే అంశాలలో తేడా ఉన్నదో తెలిపే పత్రం ఇస్తారు. ఆ తేడాను పూరించడానికి ఆమె ఆస్పత్రిలో అనుసరణ శిక్షణ పొందాలి, లేదా జ్ఞానపరీక్షలో ఉత్తీర్ణురాలు కావాలి. ఆ తరువాతనే పూర్తిస్థాయి నర్సుగా అనుజ్ఞ లభిస్తుంది. అంతవరకు సహాయకురాలిగా, తక్కువ జీతానికి పనిచేయవలసి రావచ్చు. ఈ సంగతి ముందుగా తెలిసినవారు దానిని మెట్టుగా భావిస్తారు. తెలియనివారు మోసపోయామని కుమిలిపోతారు.

రెండవ మెట్టు భాష. జర్మన్ భాషా సామర్థ్యాన్ని ఎ1 మొదలుకొని సి2 వరకు ఆరు స్థాయిలుగా నిర్ణయించారు. నర్సుకు సాధారణంగా బి2 స్థాయి కావాలి. రోగి చెప్పే బాధ అర్థం కాని నర్సు చేతిలో మందు కూడా ప్రమాదమే గనుక ఈ నియమం న్యాయమైనది. సాఫ్ట్‌వేర్ సంస్థలలో ఆంగ్లంతో పని గడవవచ్చును గాని ఇంటి యజమానితో, వైద్యునితో, పిల్లల ఉపాధ్యాయునితో మాట్లాడడానికి ఆ దేశపు భాషే శరణ్యం.

మూడవ మెట్టు ఉద్యోగం, అనుమతి. పట్టభద్రులకు 'యూరోపియన్ బ్లూ కార్డు' ప్రధానమైనది. దీనికి జీతం నిర్ణీత మొత్తానికి తగ్గరాదు. 2025లో అది సంవత్సరానికి 48,300 యూరోలు. నిపుణుల కొరత గల వృత్తులకు, కొత్తగా పట్టా పొందినవారికి ఇంకొంత తక్కువ. ఏటా మారే ఈ అంకెను దరఖాస్తు చేసేనాడు మళ్లీ చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్ రంగంలో పట్టా లేకున్నా తగిన అనుభవం గలవారికి ఈ కార్డు పొందే వీలు కల్పించారు. బ్లూ కార్డు పొందినవారు 27 నెలలు పనిచేసి, ఎ1 స్థాయి భాష నేర్చి ఉంటే శాశ్వత నివాసానికి అర్హులవుతారు. బి1 స్థాయి నేర్చినవారికి 21 నెలలే చాలు. భాష నేర్చినవానికి ఆరు నెలలు కలిసివచ్చాయి.

చేతిలో ఉద్యోగం లేనివారు అక్కడికి వెళ్లి వెదకుకోవడానికి 2024 జూన్ నుండి 'అవకాశ కార్డు' ఇస్తున్నారు. చదువు, అనుభవం, వయస్సు, భాష వంటి వాటికి మార్కులు లెక్కించి, ఆరు వచ్చినవారికి ఒక సంవత్సరం గడువు ఇస్తారు. ఆ కాలంలో వారానికి ఇరవై గంటలు పని చేసుకోవచ్చు. అయితే తమ ఖర్చులకు సరిపడే ధనం ఉన్నదని ముందే చూపాలి. అప్పు తెచ్చి ఆ ధనాన్ని చూపినవారికి ఏడాది గడువు ఎంతో త్వరగా కరిగిపోతుందని మరువరాదు.

అక్కడ దిగిన తరువాత కూడా విధులున్నాయి. నివాసం ఏర్పరచుకున్న రెండు వారాలలో చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆరోగ్య బీమా తప్పనిసరి. విదేశీయుల కార్యాలయం నుండి నివాసానుమతి పొందాలి. ఉద్యోగం పోయినా, మారినా అనుమతి పరిస్థితిని వెంటనే ఆ కార్యాలయంతో సరిచూసుకోవాలి.

దూరపు కొండలు

దూరపు కొండలు నునుపు అన్న సామెత వలస విషయంలో అక్షరసత్యం. ఆ నునుపును అమ్ముకునే దళారులు ప్రతి కాలంలోనూ ఉన్నారు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం వీసాల కోసం నడిచిన బూటకమని తేలినప్పుడు, అక్కడ చేరినవారిలో అధికులు ఆంధ్రప్రదేశ్ విద్యార్థులే. వారిలో కొందరి కాళ్లకు జాడ తెలిపే పరికరాలు తగిలించిన దృశ్యం చూసి తెలుగునాట తల్లిదండ్రులు తల్లడిల్లారు.

ఇటీవలి మోసం మరింత ఘోరమైనది. కంప్యూటరులో వివరాలు నమోదు చేసే ఉద్యోగమని చెప్పి, చదువుకున్న యువకులను కంబోడియా, మయన్మార్ దేశాలకు తరలించి, పాస్‌పోర్టులు లాగుకొని, వారిచేత సైబర్ మోసాలు చేయించారు. విశాఖపట్టణం పోలీసులు 2024 మే నెలలో ఇటువంటి ముఠాను బయటపెట్టారు. మయన్మార్‌లో చిక్కుకున్న అయిదు వందల మందికి పైగా భారతీయులను 2025 మార్చిలో వాయుసేన విమానాలలో స్వదేశానికి తెచ్చారు; వారిలో తెలుగువారూ ఉన్నారు. వీరిని మోసగించినది అజ్ఞానం కాదు, ఆత్రం.

ఉద్యోగం ఇచ్చే సంస్థ నిజంగా ఉన్నదా? నియామక పత్రంలోని ఉద్యోగమే వీసాలోనూ ఉన్నదా? జీతంలో వసతికి, భోజనానికి కోత ఎంత? ఒప్పందం మధ్యలో విరమిస్తే ఏమవుతుంది? ఏజెంటు ప్రభుత్వ నమోదు జాబితాలో ఉన్నాడా? ఈ అయిదు ప్రశ్నలకు కాగితం మీద సమాధానం దొరకనంతవరకు విమానం ఎక్కరాదు. తెలంగాణలో 'టామ్‌కామ్' అనే ప్రభుత్వ సంస్థ విదేశీ నియామకాలు చేపడుతున్నది. కష్టంలో పడినవారు భారత విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన 'మదద్' ద్వారా ఫిర్యాదు చేయవచ్చు. దిక్కులేనివారిని ఆదుకోవడానికి రాయబార కార్యాలయాలలో 2009 నుండి సంక్షేమ నిధి ఉన్నది. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందపత్రాల నకళ్లు ఇంటివద్ద తల్లిదండ్రుల చేతిలో ఉండడం అత్యవసరం.

పొట్టకూటికి ఊరు దాటడం తప్పు కాదు. నైపుణ్యంతో నాలుగు దేశాలు చూడడం గౌరవమే. ఒకనాడు మన పెద్దలు చదవలేక వేలిముద్ర వేసి ఓడ ఎక్కారు. వారికి లేని అక్షరం మనకు లభించింది. ఆ అక్షరాన్ని పరీక్షకే పరిమితం చేయక, సంతకం చేసే ప్రతి కాగితం మీద ప్రయోగించడమే చదువుకు సార్థక్యం.

కఠిన పదాలు – అర్థాలు

ముద్ర = గుర్తు, రాజచిహ్నం వేసిన అనుమతి
కూటము = కపటం, మోసం
జనపదం = దేశం, గ్రామసీమ
పణం = ఒక ప్రాచీన నాణెం
ఆలంబనం = ఆధారం
తుల్యత = సమానత్వం
అనుజ్ఞ = అనుమతి, ఆనతి
శరణ్యం = దిక్కు
సార్థక్యం = ప్రయోజనం నెరవేరడం

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. నైపుణ్యం గలవారు జర్మనీలో ఉద్యోగం పొందే క్రమాన్ని వివరించండి.
2. విదేశీ ఉద్యోగాల పేరిట జరిగే మోసాలను, వాటినుండి కాపాడుకునే మార్గాలను తెలపండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. పాస్‌పోర్టు, వీసా, పని అనుమతుల మధ్య భేదమేమి?
2. మోటుపల్లి అభయశాసనం ప్రాముఖ్యాన్ని తెలపండి.
3. చదువుకున్నవారికి చట్టం ఇచ్చిన స్వేచ్ఛలో ఇమిడి ఉన్న భారం ఏది?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ముద్రాధ్యక్షుని విధి ఏమిటి?
2. ఒప్పంద కూలీల రవాణా ఏ సంవత్సరంలో నిలిచిపోయింది?
3. అవకాశ కార్డు గడువు ఎంత?

IV. సంధులు
ముద్రాధ్యక్షుడు = ముద్రా + అధ్యక్షుడు – సవర్ణదీర్ఘ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
ప్రవేశానుమతి = ప్రవేశ + అనుమతి – సవర్ణదీర్ఘ సంధి

V. సమాసాలు
రాకపోకలు – రాకయు, పోకయు – ద్వంద్వ సమాసం
కూటముద్ర – కూటమైన ముద్ర – విశేషణ పూర్వపద కర్మధారయం
రెండేళ్లు – రెండైన ఏళ్లు – ద్విగు సమాసం

VI. కృత్యం
మీ కుటుంబంలో గాని, మీ ఊరిలో గాని విదేశంలో పనిచేసి వచ్చినవారిని కలుసుకొని, వారు వెళ్లిన విధం, పొందిన అనుమతులు, ఎదుర్కొన్న కష్టసుఖాలను గూర్చి ఒక పుటకు మించకుండా రాయండి.